హైదరాబాద్ నుంచి బందరు దాకా: 65వ నంబరు టోల్ రోడ్డు మీద పండగ ప్రయాణం ఎలా చేయాలి

హైదరాబాద్ నుంచి కోస్తాకు సొంత కారులో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పట్టే దారి 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం, అంటే బందరు, చేరేదాకా ఒకటే నంబరు. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అది 9వ నంబరు హైవేనే. ఎల్బీనగర్ నుంచి విజయవాడ సుమారు 265 కిలోమీటర్లు, అక్కడి నుంచి బందరు మరో 70. మామూలు రోజుల్లో తెల్లారుజామున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం ఊళ్లోనే చేయొచ్చు. సంక్రాంతి ముందు శనివారం పొద్దెక్కాక బయల్దేరితే మాత్రం చౌటుప్పల్ దాటేసరికే ఓపిక అయిపోతుంది.

ఈ రోడ్డు మీద బండ్లు ఆగిపోయే చోట్లు నాలుగైదే. ప్రతి ఏడూ దాదాపు అవే చోట్లు. వాటిని ఏ గంటలో దాటాలో ఇంట్లో కూర్చునే తేల్చుకోండి. గేటు దగ్గర పోయిన టైమును తర్వాత స్పీడుతో రాబట్టుకుందామనుకోవడం అన్నిటికంటే ప్రమాదమైన ఆలోచన. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా రోజు, గంట తేల్చుకోండి

సంక్రాంతి రద్దీ భోగికి ముందు రోజు మొదలవదు. బడులకు సెలవులిచ్చిన సాయంత్రం మొదలవుతుంది, రెండో శనివారం దానికి తోడైతే ఇంకా పెరుగుతుంది. ఆఫీసు అయ్యాక ఇంటికెళ్లి, సర్దుకుని, తిని బయల్దేరే బండ్లన్నీ రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య హయత్‌నగర్ దగ్గర ఒకదాని వెనక ఒకటి చేరతాయి. తెల్లవారి ఆరుకు లేచి బయల్దేరేవాళ్లంతా కలిసి ఏడు, ఎనిమిది మధ్య పంతంగి టోల్ గేటు దగ్గర తేలతారు. మీరు ఈ రెండు గుంపుల మధ్యలో దూరాలి. అంటే పంతంగి గేటును తెల్లవారుజామున అయిదు లోపు దాటాలి, లేదా ఆ రోజు మధ్యాహ్నం తిని తాపీగా బయల్దేరాలి. సెలవు దొరికితే వారం మధ్యలో వెళ్లడం అన్నిటికంటే మేలు.

అయిదు లోపు దాటాలని రాత్రంతా మేలుకుని స్టీరింగ్ పట్టుకోకండి. డ్రైవింగ్ చేసేవారు రాత్రి తొమ్మిదికే పడుకోవాలి. సామాన్లు సర్దే పని ఇంట్లో మిగతావాళ్లు చూసుకోవాలి. ఈ మాట ఇంట్లో ముందురోజే గట్టిగా అనుకోండి. పండగ ముందు రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు, బండి తోలేవారికి మాత్రం ఉండి తీరాలి.

ఇంకో సంగతి. మీకు ఈ రోడ్డు అసలు అవసరమా? గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు వెళ్లేవాళ్లు విజయవాడ దాకా పోనక్కర్లేదు. నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి మీదుగా కృష్ణ దాటితే దాచేపల్లి, పిడుగురాళ్ల వచ్చేస్తాయి. మాచర్ల వైపు వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు మీద బొంగులూరు గేటు దగ్గర దిగి సాగర్ రోడ్డు పట్టుకోవడమే సుఖం. రాజమండ్రి, కాకినాడ వాళ్లు సూర్యాపేటలో ఖమ్మం రోడ్డెక్కి సత్తుపల్లి మీదుగా పోవచ్చు. ఖమ్మం, దేవరపల్లి మధ్య పాత రోడ్డుతో పనిలేకుండా కొత్తగా వేసిన గ్రీన్‌ఫీల్డ్ హైవేలో ఏ ముక్క మీద బండ్లు వదులుతున్నారో బయల్దేరే రోజు చూసుకుంటే ఇంకా టైము కలిసొస్తుంది. పండగ రోజుల్లో పోలీసులు చెప్పే దారి మళ్లింపులు కూడా చాలావరకు ఇవే. అక్కడిదాకా వెళ్లాక మళ్లించేదాకా ఆగకుండా మీరే ముందు మళ్లితే మీకూ మేలు, విజయవాడకే వెళ్లక తప్పనివాళ్లకూ మేలు.

సంక్రాంతి, దసరాలతో పాటు చూసుకోవలసిన పండగ ఇంకొకటుంది. సూర్యాపేట దాటగానే రోడ్డు పక్కనే దురాజ్‌పల్లి గుట్ట. అక్కడ రెండేళ్లకోసారి, మాఘమాసంలో లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర జరుగుతుంది. లక్షల మంది వస్తారు. 2025 ఫిబ్రవరిలో జరిగింది, కాబట్టి మళ్లీ 2027లో. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా మళ్లిస్తారు. ఆ వారంలో మీకు పెళ్లో పేరంటమో ఉంటే ఇది గుర్తుంచుకుని ఇంకో గంటన్నర ముందే బయల్దేరండి.

ఫాస్టాగ్ సంగతి ఇంట్లోనే తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేలోపు జాతీయ రహదారి మీద నాలుగు టోల్ గేట్లు వస్తాయి. చౌటుప్పల్ దగ్గర పంతంగి, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాక జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు, నందిగామ దాటాక కీసర. బందరు పోయేవాళ్లకు కంకిపాడు దగ్గర దావులూరు అయిదోది. మీరు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వస్తే దాని టోల్ వేరే. ఎంత దూరం వచ్చారో లెక్కగట్టి దిగేచోట తీసుకుంటారు.

టోల్ దానంతట అదే కోతపడేలా కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. ట్యాగ్ లేకపోయినా, ఉండి పనిచేయకపోయినా మామూలు రేటు కంటే ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15 నుంచి అలాంటివాళ్లు యూపీఐతో కడితే ఒకటింబావు వంతుతో సరిపోతోంది. డబ్బు సంగతి అలా ఉంచండి. మీ ట్యాగ్ పలకకపోతే మీ వెనక ఉన్న యాభై కార్లు ఆగుతాయి. పండగ నాడు టోల్ గేటు దగ్గర పేరుకునే బారుల్లో చాలావరకు బ్లాక్‌లిస్టులో పడ్డ ట్యాగుల వల్ల, బ్యాలెన్సు లేని ట్యాగుల వల్లే వస్తాయి. బూత్ కుర్రాడు చేతి మిషన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, రెండు మూడుసార్లు చదివించి, పని కాక, చివరికి ఇంకోలా డబ్బు తీసుకునేసరికి రెండు నిమిషాలు గడిచిపోతాయి. అదే ట్యాగ్ పలికితే కొన్ని సెకన్ల పని.

అందుకని బయల్దేరే ముందురోజే ఇవి చూసుకోండి. బ్యాలెన్సు రానుపోను ఖర్చుకు సరిపడా ఉందా? కేవైసీ (గుర్తింపు వివరాలు) పెండింగ్ అంటూ బ్యాంకు మెసేజ్ ఏమైనా పెట్టిందా? కొత్త కారైతే ట్యాగ్ ఇంకా ఛాసిస్ నంబరు మీదే ఉందా, రిజిస్ట్రేషన్ నంబరుకు మార్చారా? ట్యాగ్ అద్దానికి లోపలివైపు, మధ్యలో, పూర్తిగా అతుక్కుని ఉందా? చేత్తో పట్టుకుని చూపించే అలవాటు మానుకోండి. గేటు కనబడ్డాక ఫోన్లో రీఛార్జ్ చేసుకుందాం అనే ధీమా కూడా వద్దు. పండగ రోజు అక్కడ ఫోన్ సిగ్నలే సరిగా అందదు.

ఇక వార్షిక పాస్. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలుపెట్టారు. కార్లు, జీపులు, వ్యాన్ల వంటి సొంత వాహనాలకే ఇస్తారు, పసుపు ప్లేటు బండ్లకు లేదు. ఏడాది గానీ 200 ట్రిప్పులు గానీ, ఏది ముందు పూర్తయితే అంతటితో చెల్లు. ఇక్కడ చాలామంది పొరపడేది ట్రిప్పు లెక్కలో. ఈ రోడ్డు మీద ఒక్కో టోల్ గేటు దాటితే ఒక ట్రిప్పు. బందరు దాకా వెళ్తే అయిదు, తిరిగొస్తే ఇంకో అయిదు. అంటే 200 ట్రిప్పులతో ఇరవైసార్లు పోయి రావచ్చు, ఆ 3,000 ధరకైతే గేటుకు 15 రూపాయలు పడుతుంది. ఏడాదికి ఒక్కసారి సంక్రాంతికి మాత్రమే వెళ్లేవాళ్లకు ఇది గిట్టదు. అమ్మానాన్నలు ఊళ్లో ఉండి రెండు నెలలకోసారి వెళ్లేవాళ్లకు బాగా గిట్టుబాటు. మీ పాత ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి, ఒక రానుపోనుకు ఎంత పోయిందో చూసి, పాస్ ధరను దాంతో భాగిస్తే ఎన్నిసార్లు వెళ్తే లాభమో మీకే తెలుస్తుంది. టోల్ రేట్లు ఏటా ఏప్రిల్ 1న మారుతుంటాయి కాబట్టి పాస్ ధరతో సహా కొత్త లెక్క వేసుకోండి. పాస్‌ను రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో గానీ జాతీయ రహదారుల సంస్థ సైట్‌లో గానీ తీసుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద, రాష్ట్ర రహదారుల మీద అది చెల్లదు. అక్కడ మామూలు బ్యాలెన్సే కోస్తారు, కాబట్టి పాస్ ఉంది కదా అని వాలెట్ ఖాళీగా ఉంచుకోకండి.

పాస్ లేనివాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 24 గంటల్లో అదే గేటు గుండా తిరిగొస్తే రానుపోనుకు కలిపి ఒకవైపు రేటుకు ఒకటిన్నర వంతే పడుతుంది. పొద్దున పెళ్లికి వెళ్లి రాత్రికి వచ్చేసేవాళ్లకు ఇది తనంతట అదే లెక్కలోకి వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ప్రతి గేటు దాటాక ఫోన్‌కొచ్చే మెసేజ్‌లు పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి. ఒకే గేటుకు రెండుసార్లు కోతపడితే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు గానీ జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు గానీ చెప్పొచ్చు.

బండిని చూసుకోవడం

దీని గురించి ఎక్కువ చెప్పను. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే, సామాను, మనుషుల బరువుకు కంపెనీ చెప్పిన మేరకు కొట్టించండి. స్టెప్నీలో కూడా. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ, సూర్యాపేట ఎండల్లో అరిగిన టైర్లతో నాలుగు గంటలు పరుగెత్తడం చాలా ప్రమాదం. వైపర్లు, ఎర్ర త్రికోణం బోర్డు, టార్చి, మంచినీళ్లు ఉండాలి. వెనక సీట్లో వాళ్లకూ బెల్టు తప్పదు, పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి.

పెట్రోలు రేటు ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ కంటే కొన్నేళ్లుగా కాస్త ఎక్కువగానే ఉంటోంది. కాబట్టి వెళ్లేటప్పుడు కోదాడలో నింపుకోండి. వచ్చేటప్పుడు కోదాడ దాకా చాలినంత ఉంచుకోండి.

ఊరు దాటడం

గచ్చిబౌలి, మియాపూర్, మేడ్చల్ వైపు వాళ్లు నగరం మధ్యలోంచి ఎల్బీనగర్ రావద్దు. ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగండి, అది 11వ ఎగ్జిట్. అక్కడ దిగితే హయత్‌నగర్ రద్దీ మొత్తం తప్పిపోతుంది. మోటారు సైకిళ్లకు ఔటర్ మీద ప్రవేశం లేదు, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఊళ్లోంచి వచ్చేవాళ్లు వనస్థలిపురం, హయత్‌నగర్ దగ్గర ట్రావెల్స్ బస్సులు ఎక్కడపడితే అక్కడ ఆగుతాయని తెలిసి ఎడమ లైను వదిలి నడపండి.

మల్కాపురం నుంచి నందిగామ దాకా

టోల్ రోడ్డు అసలు భాగం ఇది. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లు. జీఎంఆర్ సంస్థ దీన్ని నాలుగు వరుసలు చేసింది, 2012 డిసెంబరు నుంచి టోల్ మొదలైంది. 2024 జులై నుంచి రోడ్డు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. దీన్ని ఆరు వరుసలు చేయాలన్న మాట ఏళ్లుగా ఉంది. అది అయ్యేదాకా రెండేసి వరుసల్లోనే లారీలు, బస్సులు, కార్లు, ట్రాక్టర్లు అన్నీ సర్దుకోవాలి.

ఇప్పుడు స్పీడు లెక్క చూడండి. ఈ 181 కిలోమీటర్లు ఆగకుండా 100లో వెళ్తే గంటా 49 నిమిషాలు. 120లో వెళ్తే గంటా 31 నిమిషాలు. కుటుంబాన్నంతా కారులో పెట్టుకుని రిస్కు తీసుకుంటే మిగిలేది 18 నిమిషాలు. అది కూడా దారి ఖాళీగా ఉంటేనే. ఒక్క టీ తాగే టైము కోసం అంత ప్రమాదం ఎందుకు? కార్లకు ఇలాంటి నాలుగు వరుసల రోడ్డు మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఊళ్ల దగ్గర బోర్డు ఎంత చెబితే అంతే. 90 దగ్గర నిలకడగా పోయే బండి, గంటకు పదిసార్లు లైట్లు కొట్టుకుంటూ పోయే బండి సూర్యాపేటలో ఒకే హోటల్ ముందు కలుస్తాయి.

ఈ రోడ్డు ఎక్స్‌ప్రెస్‌వే కాదు. పక్కన కంచె లేదు. ఊళ్ల క్రాస్‌రోడ్ల దగ్గర బైకులు, ఆటోలు, వడ్ల ట్రాక్టర్లు, పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్లు దాటుతుంటాయి. కొన్ని చోట్ల సర్వీసు రోడ్డు లేక ఎదురుగా కూడా వస్తుంటారు. వాళ్లను తిట్టుకోకండి. వాళ్ల ఊరి మధ్యలోంచే రోడ్డు పోయింది, అవతలి పొలానికి వెళ్లాలంటే వాళ్లకు అదే దారి. చౌటుప్పల్, చిట్యాల, కట్టంగూర్, మునగాల, కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డు వంటి చోట్ల కాలు బ్రేకు మీద ఉంచుకోండి. ప్రమాదాలు ఎక్కువ జరిగే బ్లాక్‌స్పాట్ల దగ్గర ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పనులు తీసుకున్నారు. పని జరిగేచోట బండ్లన్నీ సర్వీసు రోడ్డులోకి మళ్లుతాయి. ఆ బోర్డు కనబడగానే ముందే ఒక వరుసలోకి రండి. చివరి క్షణంలో దూరే బండే జామ్‌కు మొదలు.

చిట్యాలలో రైల్వే వంతెన కింద దారి ఇరుకు. గట్టి వాన పడితే నీళ్లు నిలిచి, బండ్లు ఒక్కొక్కటిగా కదులుతాయి. వాన సూచన ఉన్న రోజు అక్కడి సంగతి ముందే కనుక్కోండి.

కుడి వరుస ఓవర్‌టేక్ చేయడానికి. దాటేశాక ఎడమకు వచ్చేయండి. నిండు లోడుతో ఉన్న లారీలు కుడి వరుస పట్టుకుని కదలకపోతే ఒకసారి డిప్పర్ కొట్టి ఆగండి. ఎడమవైపు నుంచి దాటక తప్పదనిపిస్తే ముందు రోడ్డు అంచున ఏమీ ఆగిలేదని కళ్లారా చూసుకున్నాకే కదలండి. ఈ రోడ్డు మీద ప్రాణాలు పోయే తీరుల్లో మళ్లీ మళ్లీ కనబడేది అదే. తెల్లవారుజామున, చీకట్లో, వెనక లైట్లు లేకుండా అంచున ఆపిన లారీని కారు వెనక నుంచి గుద్దుకోవడం.

దాన్నుంచి తప్పించుకోవాలంటే నిద్రతో బేరాలాడకూడదు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా ఒంటికి నిద్ర కావాలి. ఎంత కాఫీ తాగినా, అద్దం దించినా, పాటలు పెట్టినా అది పోదు. ఆవలింతలు వరసగా వస్తున్నా, ఇప్పుడే దాటిన ఊరి పేరు గుర్తు రాకపోయినా, అప్పటికే కళ్లు మూతలు పడుతున్నాయన్నమాట. బంకులో గానీ హోటల్ ఆవరణలో గానీ బండి పెట్టి ఇరవై నిమిషాలు పడుకోండి. పక్క సీట్లో వాళ్లు నిద్రపోకుండా మాట్లాడుతుండాలి. మా ఇంట్లో పక్క సీటు ఎప్పుడూ కబుర్లు ఆగని మనిషికే.

ఆగడం ఎక్కడ

హైదరాబాద్, విజయవాడలకు సరిగ్గా మధ్యన సూర్యాపేట ఉంటుంది. ఆర్టీసీ బస్సులూ ట్రావెల్స్ బస్సులూ ఆగేదీ అక్కడే, కాబట్టి పండగ పూట హోటళ్ల ముందు అడుగు పెట్టే చోటుండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు దానికంటే ముందు నార్కట్‌పల్లి, నకిరేకల్ ప్రాంతంలోనో, దాటాక కోదాడలోనో ఆగితే నెమ్మదిగా తినొచ్చు. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే ఇంకా మంచిది. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్న చోటే ఆగాలి. పెద్ద బంకులు, టోల్ గేట్ల దగ్గరి మరుగుదొడ్లు ఇందుకు పనికొస్తాయి. నీళ్లు తాగితే మళ్లీ ఆగాలని పెద్దవాళ్లు గొంతు తడుపుకోకుండా కూర్చుంటారు. వాళ్లు అడగకముందే గంటన్నరకోసారి మీరే ఆపండి.

సరిహద్దు, ఏర్లు

కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు, ఆ తర్వాత పాలేరు మీద వంతెన. అవతల గరికపాడు, ఆంధ్రప్రదేశ్. ఎండాకాలంలో ఇక్కడ ఏరుందని కూడా గుర్తించం. కానీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయల్దేరేవాళ్లు రెండు చోట్ల సంగతి తెలుసుకోవాలి. ఒకటి ఈ పాలేరు, రెండోది నందిగామ దాటాక ఐతవరం దగ్గర రోడ్డుకు దగ్గరగా పారే మున్నేరు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో రెండు ఏర్లూ ఒకేసారి పొంగాయి. గరికపాడు దగ్గర వంతెనను ఆనుకున్న రోడ్డు కోసుకుపోయింది.

ఈ వరద మీ మీద కురిసిన వానది కాదు, అందుకే మోసం చేస్తుంది. మున్నేరు వరంగల్, ఖమ్మం వైపు నుంచి వస్తుంది. అక్కడ కుండపోతగా కురిస్తే, నందిగామలో ఎండ కాస్తున్నా మర్నాటికి నీళ్లు రోడ్డెక్కుతాయి. కాబట్టి వానాకాలంలో బయల్దేరే ముందురోజు ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల వాన వార్తలు చూడండి. ఖమ్మంలో మున్నేరుకు ప్రమాద హెచ్చరిక జారీ చేశారంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది, లేదంటే మిర్యాలగూడ మీదుగా గుంటూరు వైపు నుంచి రండి. రోడ్డు మీద పారే నీళ్లలోకి కారు దించకండి. ముందు లారీ దాటింది కదా అని అసలే వద్దు.

విజయవాడలోకి, విజయవాడ బయటికి

కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాటాక గొల్లపూడి. ఇక్కడే ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. ఏలూరు, రాజమండ్రి వైపు పోయేవాళ్లకు గొల్లపూడి నుంచి చిన్న అవుటపల్లి దాకా పశ్చిమ బైపాస్ ఉంది. దాని మీద ఆ రోజు బండ్లు ఎక్కడిదాకా వదులుతున్నారో మ్యాపులో చూసుకుని ఎక్కండి. ఊళ్లోకి, బందరుకు వెళ్లేవాళ్లు తిన్నగా భవానీపురం మీదుగా కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాలి. 2020 అక్టోబరులో అది తెరిచాక కొండ కింద గంటలు గంటలు ఆగే బాధ చాలావరకు తీరింది.

దసరా తొమ్మిది రోజులూ, అందులోనూ మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మూసి మళ్లిస్తారు. భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ అంతే. విశాఖ వైపు పోయే పెద్ద బండ్లను అప్పుడు ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, నూజివీడు, హనుమాన్ జంక్షన్ మీదుగా పంపుతారు. అమ్మవారి దర్శనం కాకుండా ఊరికి పోవడమే మీ పని అయితే, ఆ రోజుల్లో కార్లకు కూడా ఆ దారి మంచిదే. కాస్త చుట్టయినా పోతూ ఉంటారు, ఆగరు.

బందరు రోడ్డు

బెంజ్ సర్కిల్ దాటి పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు, మచిలీపట్నం. నాలుగు వరుసలే అయినా ఇక్కడి నుంచి రోడ్డు తీరు మారిపోతుంది. రెండు వైపులా కాలవలు, వరి, చెరకు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు ఆడే రోజుల్లో లోడు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా నడుస్తుంటాయి. సంక్రాంతి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. పొద్దుగూకాక ఈ 70 కిలోమీటర్లు తొందరపడకండి. పండగ నెలలో తెల్లవారుజామున కాలవల మీది మంచు రోడ్డంతా కప్పేస్తుంది. అప్పుడు లైట్లు డిమ్‌లో ఉంచి, ముందు బండికి బాగా ఎడంగా నడవాలి. పార్కింగ్ లైట్లు నాలుగూ వెలిగించి బండి తోలకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు తెలియదు.

మంగినపూడి బీచ్ బందరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. తీరం నల్లమట్టి నేల, చాలా దూరం లోతు లేనట్టే ఉంటుంది. దాన్ని నమ్మి పిల్లల్ని వదలకండి. కారును ఆ మెత్తటి నేల మీదికి తీసుకెళ్లకుండా రోడ్డు మీదే ఆపండి. దారిలో చిలకలపూడి పాండురంగడి గుడి చూడొచ్చు. పెడన ఊళ్లోకి వెళ్తే కలంకారీ అద్దకం చేసేవాళ్ల దగ్గరే గుడ్డ కొనొచ్చు. బందరు లడ్డు మాత్రం తిరుగు ప్రయాణం రోజునే కొనండి, తాజాగా ఉంటుంది.

ఏమైనా అయితే

బండి ఆగిపోతే వీలైనంత ఎడమకు, రోడ్డు అంచు బయటికి తీసుకెళ్లి నాలుగు ఇండికేటర్లూ వేయండి. త్రికోణం బోర్డు బండికి యాభై అడుగుల వెనక పెడితే లాభం లేదు, కనీసం యాభై మీటర్లు ఉండాలి. ముందుగా పిల్లల్నీ పెద్దవాళ్లనీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. ఆగిన కారులో కూర్చోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. తర్వాత 1033కు ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, క్రేన్, పెట్రోలింగ్ బండి, అంబులెన్సు పంపిస్తారు. కిలోమీటరు రాయి మీది నంబరు చెబితే తొందరగా వస్తారు, అందుకే దారిలో రాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. గాయాలైతే 108, పోలీసులకు 112.

వేరేవాళ్లకు ప్రమాదం జరిగితే ఆగి సాయం చేయండి. పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడి చాలామంది ఆగరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు. ఇష్టం లేకపోతే పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. ఆసుపత్రిలో అప్పగించి మీ దారిన మీరు వెళ్లొచ్చు.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే కష్టం. వెళ్లేవాళ్లు నాలుగైదు రోజుల్లో విడివిడిగా వెళ్తారు, వచ్చేవాళ్లంతా సెలవుల చివరి సాయంత్రమే వస్తారు. కనుమ నాడు ప్రయాణం చేయకూడదని మన పెద్దలు అంటారు. ఆ మాట పాటించేవాళ్లంతా మర్నాడు ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. ముక్కనుమ తెల్లవారుజామునే బయల్దేరి పది గంటలకల్లా పంతంగి దాటేయండి. అది కుదరకపోతే ఒక రోజు ఆగి వారం మధ్యలో రండి. ఆఫీసుకు ఒక్క రోజు సెలవు పెట్టడం, రాత్రి పన్నెండుకు చౌటుప్పల్‌లో నిలబడటం కంటే ఎంతో నయం.

బయల్దేరే ముందు ఫాస్టాగ్ బ్యాలెన్సు మళ్లీ చూసుకోండి, వెళ్లేటప్పుడు ఎంతో కొంత ఖర్చయి ఉంటుంది. డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బా, కొబ్బరికాయలు చేరాయంటే టైర్ల గాలి మళ్లీ చూడాలి. అడ్డంగా కట్టిన సామాను వెనక అద్దానికి అడ్డం రాకూడదు. చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా మెల్లగా కదిలే ముక్కకు గంట అదనంగా వేసుకోండి. పడమటి శివార్లలో ఇల్లున్నవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కేయండి. ఊళ్లోకి వెళ్లేవాళ్లను ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దగ్గర దింపేస్తే కారులో ఉండేవాళ్లకంటే వాళ్లే ముందు ఇల్లు చేరతారు. అయితే ఆఖరి రైలు ఎన్నింటికో కోదాడ దగ్గరుండగానే చూసుకోండి.